సున్నంబట్టి వీధిలో మూడో దండోరా

గుండ్లమిట్టలో పందొమ్మిది రోజులుగా వాన పడలేదు. వాన దండోరా ఫైలు ఇంకా కమిషనర్ సంతకానికి వెళ్లకపోవడమే కారణం. మబ్బులు మాత్రం సిద్ధంగానే ఉన్నాయి. ప్రభుత్వ జూనియర్ కళాశాల మీద నల్లగా, నిండుగా, ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబడి ఉన్నాయి. ఓపిక లేని చిన్న మబ్బు ఒకటి మొన్న ఆదివారం కూరగాయల మార్కెట్ మీద నాలుగు చినుకులు రాల్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ మేడెక్కి దానికి నోటీసు అందజేసి వచ్చాడు.

ఈ పద్ధతిని ఎవరూ పనిగట్టుకుని కనిపెట్టలేదు. ఒకప్పుడు గుండ్లమిట్టలో కూడా అన్ని ఊళ్లలో లాగే ముందు పని జరిగేది, ఆ తర్వాత దండోరా పడేది. సిబ్బంది తక్కువ కావడంతో దండోరాలు వారం, పక్షం, నెల చొప్పున వెనకబడ్డాయి. దండోరా పడేదాకా జరిగినదాన్ని జనం నమ్మేవారు కాదు. ఎవరూ నమ్మనప్పుడు ముందే జరిగి ఏం లాభమని సంఘటనలు ఆగడం నేర్చుకున్నాయి. మొదట కొళాయి నీళ్లు ఆగాయి. తర్వాత పరీక్ష ఫలితాలు. ఆ తర్వాత చావులు, పుట్టుకలు కూడా క్యూలోకి వచ్చాయి. పన్నులొక్కటే ఏనాడూ ఆగలేదు. వాటికి మినహాయింపు ఉంది.

నాలుగేళ్ల కిందట జిల్లా కార్యాలయం నుంచి ఒక లేఖ వచ్చింది. ‘దండోరా’ అనే మాటకు మీ పరిధిలో వాడుకలో ఉన్న అర్థం ఏమిటో తెలుపవలసిందని అడిగారు. సెక్షన్ గుమాస్తా దస్తగిరి రెండు రోజులు పాత రిజిస్టర్లు తిరగేసి ఒక వాక్యం రాశాడు. ‘దండోరా అనగా జరగవలసినదానిని జరగనిచ్చు చప్పుడు.’ అర్థం సరిగ్గా ఉందనీ, ఇకపై అదే వాడుకోవాలనీ జిల్లా నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబుకు కూడా దండోరా వేశారు.

దండోరాకు ఒక క్రమం ఉంది. తప్పెట మీద మూడు దెబ్బలు. ‘ఇందుమూలంగా’ అని మొదలయ్యే కాగితాన్ని అక్షరం వదలకుండా చదవడం. చివర రెండు దెబ్బలు. అప్పుడు ఆ వీధివాళ్లలో ఒక్కరైనా, గడపలోంచైనా, గోడ చాటునుంచైనా ‘విన్నాం’ అనాలి. ఆ మాట పడితే పని జరిగిపోతుంది. గుమాస్తా నూరు అంకెలు లెక్కపెట్టేలోపు పడకపోతే, చదివినదాన్ని రికార్డులో ‘చప్పుడు’ అని రాస్తారు. ఒకే కాగితం మూడుసార్లు చప్పుడైతే మురిగిపోతుంది. మళ్లీ ఐదేళ్లదాకా దాన్ని ఎత్తడానికి లేదు.

మధ్యలో ఒక కమిషనర్ మైకు కట్టిన ఆటో కొన్నాడు. ఊరంతా మోగింది గానీ ఒక్క పనీ జరగలేదు. మైకుకు చెప్పడమే గానీ, వినడం రాదు. ఆటోను షెడ్డులో పెట్టి మళ్లీ తప్పెటకే వచ్చారు. ఆఫీసర్స్ కాలనీలో అందరూ తీరిక లేనివాళ్లు కాబట్టి, ‘విన్నాం’ అనడానికి షిఫ్టుల పద్ధతిలో ముగ్గురు వాచ్‌మన్లను పెట్టుకున్నారు.

సుంకులమ్మ గుండ్లమిట్ట పురపాలక సంఘంలో దండోరా సహాయకురాలు, గ్రేడు రెండు. వయసు నలభై ఏడు. తప్పెట తండ్రి నుంచి వచ్చింది, ఉద్యోగం కూడా ఆయన నుంచే. ఆయన కూతురికి నేర్పింది ఒకటే మాట: కాగితం నీది కాదు, గొంతే నీది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ మాట తప్పలేదు. కొళాయి నీళ్లను వీధుల్లోకి వదిలింది ఆమె గొంతే. ఆమె చదవబట్టే పిల్లలు పాసయ్యారు. కోట వీధి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు గత నెల చనిపోయి కూడా దండోరా రాక ఇంటి అరుగు మీదే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆమె అటు వెళ్లినప్పుడల్లా కళ్లజోడు పైకి తోసి అడుగుతారు.

“ఏమ్మా సుంకులమ్మా, నాది వచ్చిందా?”

“ఇంగా రాలేదు సార్. సంతకానికి పోయినట్టుంది.”

“తొందరేం లేదులే. చదివిన పేపరే చదవాల్సొస్తాంది, అదొక్కటే బాధ.”

అలాంటి సుంకులమ్మ చేతికి ఒక సోమవారం పొద్దున దస్తగిరి ఒక కాగితం ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆమె చదివింది. ఇంకోసారి చదివింది. అందులో ఉన్నది రెండే రెండు పంక్తులు. ఊరి వెలుపలి రోడ్డుకు స్థలం కావాల్సి ఉన్నందున, ‘సున్నంబట్టి వీధి అనబడునది ఏ కాలమందును లేదు’ అని.

సున్నంబట్టి వీధిలో నలభై రెండు ఇళ్లున్నాయి. అందులో పదిహేడో నంబరు సుంకులమ్మది.

“ఏందన్నా ఇది? కూలగొడతామంటే ఒక మాట. ఎప్పుడూ ల్యాదంటే ఎట్ల?”

“కూలగొడితే శానా చిక్కులమ్మా,” అన్నాడు దస్తగిరి. “యాడికి పోవాల అంటారు. ఇంగో ఇల్లు చూపించమంటారు. కోర్టుకు పోతారు. ఎప్పుడూ ల్యాకపోతే పోయేవాళ్లెవరు చెప్పు? పెద్దసారు శానా ఆలోచించినాడు.”

“నేనే చదవాల్నా?”

“గ్రేడు రెండు నువ్వే కదమ్మా. గ్రేడు ఒకటి పోస్టు ఖాళీ.”

సుంకులమ్మ తప్పెట భుజాన వేసుకుని తన వీధికి తానే వచ్చింది. చదవనంటే ఉద్యోగం పోతుంది. చదివినా ఎవరూ పలకకపోతే ఏమీ పోదు. ఆ లెక్క ఆమెకు తెలుసు. అందుకే తప్పెట ముట్టక ముందే మేస్త్రీ మద్దిలేటి ఇంటి ముందు నిలబడి నలుగురినీ పిలిచి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మద్దిలేటి ఆ వీధిలో సగం గోడలు కట్టినవాడు. గోడలు కట్టినవాడి మాట వీధి వింటుంది.

“గమ్మునుంటే చాలు కదా?” అన్నాడు మద్దిలేటి.

“గమ్మునుంటే చాలు. మూడుసార్లు.”

“అంతేనా! మనకు వచ్చిన పనే అది. ఇన్నేండ్లు చేసింది అదే కదా.”

అయితే వచ్చిన పనే చేతకాలేదు. తప్పెట మోగితే ‘విన్నాం’ అనడం ఆ వీధికి జలుబొస్తే ముక్కు ఎగబీల్చినంత అలవాటు. పాలు తాగే పిల్లలకు కూడా మొదట వచ్చే మాట అదే. అందుకని జాగ్రత్తలు తీసుకున్నారు. మగవాళ్లు తువ్వాళ్లు నోటికి కట్టుకున్నారు. ఆడవాళ్లు కొంగులు కుక్కుకున్నారు. వీధిలో అందరికన్నా పెద్దది నాగులవ్వ; ఎనభై ఏళ్లుగా ప్రతి దండోరాకూ మొదటి గొంతు ఆమెదే. ఆమెకు నమ్మకం చాలక నోట్లో రాగి సంగటి ముద్ద పెట్టుకుని కూర్చుంది. సోమవారం దస్తగిరి నూరు దాకా లెక్కపెట్టి ‘చప్పుడు’ అని రాసుకున్నాడు. గురువారం ఇంకోసారి వచ్చారు. తొంభై ఆరు దగ్గర ఎవరింట్లోనో రామచిలుక ‘విన్నాం’ అంది. దానికి రేషన్ కార్డు లేనందున లెక్కలోకి రాదని దస్తగిరి తేల్చాడు. అప్పుడు అతని చెంప మీద కూడా చెమట ఉంది.

మిగిలింది ఇక ఒక్కటే. ఆ మూడోది కూడా గడిచిపోతే ఐదేళ్లు నిశ్చింత. మద్దిలేటి అప్పుడే రెండో అంతస్తుకు పిల్లర్ల కొలతలు వేయడం మొదలుపెట్టాడు.

సుంకులమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె ఇంట్లో కూతురు రేణుక పదకొండో నెల మోస్తోంది.

పుట్టుక దండోరాకు అర్జీ పెట్టి యాభై రోజులైంది. నొప్పులు మొదలై తొమ్మిది రోజులు. నొప్పులకు దండోరా అక్కర్లేదు. ఆ విషయంలో అవి పన్నుల్లాంటివి. డాక్టరమ్మ రోజూ వచ్చి చూసి, అంతా సిద్ధంగా ఉంది, పైనుంచి కాగితం రావడమే తరువాయి అని చెప్పి వెళ్తోంది. పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్తే వాళ్లు చేయి వేయలేదు. గుండ్లమిట్ట బిడ్డలు కడుపులోనే తప్పెటకు అలవాటు పడి ఉంటారు, మా మందులకు కదలరు అని వెనక్కి పంపారు. ప్రాణానికి భయం లేదన్నది ఒక్కటే ఊరట. పోవడానికీ దండోరా కావాలి కాబట్టి. అంటే, కాగితం రాకపోతే రేణుక కనదు, పోదు. ఇలాగే మంచం కోడు పట్టుకుని అరుస్తూ ఉండిపోతుంది. ఎన్నాళ్లని అడిగితే డాక్టరమ్మ గడియారం చూసుకుంది.

శుక్రవారం సుంకులమ్మ ఆఫీసుకు వెళ్లి దస్తగిరి బల్ల ముందు నిలబడింది.

“నా బిడ్డ కాగితం ఏమైందన్నా?”

“చిరునామా కాడ ఆగింది. సున్నంబట్టి వీధి అని రాసినావు. ఆ వీధి ఉందో ల్యాదో ఇంగా తేలల్య. వీధి తేలేదాకా పుట్టుక తేలదమ్మా.”

“మూడోసారీ ఎవరూ పలకరు. అప్పుడు తేలుతాది కదా, ఉందని?”

“ఉందని తేలదు. ల్యాదని తేలల్య అని తేలుతాది. రెండూ ఒకటి కాదు. మళ్లా ఐదేండ్లకు చూస్తారు.”

సుంకులమ్మ బల్ల అంచు పట్టుకుంది. దస్తగిరి గొంతు తగ్గించాడు.

“పెద్దసారు ఒక దారి చెప్పినాడు. నిన్ను పిలవమన్నాడు.”

కమిషనర్ ఇందుశేఖర్ మెత్తని మనిషి. ఎదుటివాళ్లను కూర్చోమని అన్నాకే తాను కూర్చునేవాడు. తోలు పొదుపు సర్క్యులర్ తీసి సుంకులమ్మ ముందు పెట్టాడు. తప్పెట తోలు ఖర్చు తగ్గించడానికి, ఒకే వీధికి సంబంధించిన అంశాలన్నీ ఒకే కాగితం మీద చదవవచ్చని అందులో ఉంది. ఒక్క ‘విన్నాం’ మొత్తం కాగితానికి చెల్లుతుంది.

“మీ అమ్మాయి పుట్టుక మొదటి అంశం. వీధి రెండోది,” అన్నాడాయన. “నేను సంతకం పెట్టేస్తాను.”

“ల్యాని వీధిలో బిడ్డ ఎట్ల పుడతాది సార్?”

“మంచి ప్రశ్న. దానికోసమే, ‘విన్నాం’ పడ్డాక రెండు అంశాల అమలుకు మధ్య రెండు నిమిషాల వ్యవధి ఇచ్చాం. మానవతా దృక్పథంతో.”

“మా వీధోళ్లు పలకరు సార్.”

“పలకవద్దనే చెప్పండి,” అన్నాడు ఇందుశేఖర్. నిజంగానే అన్నాడు. “బలవంతం మా పద్ధతి కాదు. ప్రజలు విన్నామంటేనే కదా ఏదైనా.”

ఆమె ఇంటికి వెళ్లేసరికి రేణుక గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. పెదవి కొరికి కొరికి వాచిపోయింది. తల్లి భుజాన తప్పెట చూడగానే కళ్లు తెరిచింది.

“వచ్చిందా మా?”

“వచ్చింది. రేపు పొద్దున.”

రేణుక నవ్వడానికి ప్రయత్నించింది. మిగతా సంగతి సుంకులమ్మ చెప్పలేదు. వీధికి మాత్రం చెప్పింది. దాచడం ఆమెకు చేతకాదు. దండోరా వేసేవాళ్లకు అదొక్కటే అవిటితనం. అదే సాయంత్రం మద్దిలేటి ఇంటి ముందు నిలబడి రెండు అంశాలూ చెప్పి, చివర ఇంకో మాట అంది.

“నేను అడగను. మీరు పలకమని గానీ, పలకొద్దని గానీ నా నోటితో రాదు. నా తప్పెటకు నేను గానీ, నా ఇంట్లోవాళ్లు గానీ పలికేది చెల్లదు. లేకుంటే ఈ పాపం మీదాకా తెచ్చేదాన్ని కాదు.”

మద్దిలేటి కొలతల టేపు చుట్టుకుంటూ ఉండిపోయాడు.

శనివారం పది గంటలకు జీపు వీధి మొదట్లో ఆగింది. కమిషనర్ దిగి, ఎండ కాబట్టి వేపచెట్టు నీడన నిలబడ్డాడు. దస్తగిరి రిజిస్టరు తెరిచాడు. అరుగుల మీద జనం వరుసగా కూర్చుని ఉన్నారు. తువ్వాళ్లు నోటికే ఉన్నాయి, కొంగులు కూడా. నాగులవ్వ సంగటి ముద్ద పెట్టుకుని గోడకు చేరగిలబడి ఉంది. రామచిలుక పంజరం మీద దుప్పటి కప్పారు.

సుంకులమ్మ మూడు దెబ్బలు వేసింది. “ఇందుమూలంగా సున్నంబట్టి వీధి ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా…” గొంతు వణకలేదు. ఇరవై రెండేళ్ల గొంతు అది. మొదటి అంశం చదివింది. రెండు నిమిషాల వ్యవధి అని కాగితంలో ఉన్నదాన్ని కూడా చదివింది. రెండో అంశం చదివింది. రెండు దెబ్బలు వేసి, కర్ర చంకలో పెట్టుకుని, నేల చూస్తూ నిలబడింది.

“ఒకటి,” అన్నాడు దస్తగిరి. “రెండు.”

ఇరవై దాకా ఈగ కదల్లేదు. ఇరవై ఒకటి దగ్గర పదిహేడో ఇంట్లోంచి రేణుక అరిచింది. నలభై దగ్గర ఇంకోసారి. ఆ తర్వాత అరుపు రాలేదు. ఊపిరి కోసం కొట్టుకుంటున్న చప్పుడొక్కటే బయటికి వచ్చింది. అరుపు కన్నా అది ఎక్కువ దూరం వినిపించింది. మద్దిలేటి రెండు చేతులతో తువ్వాలు పట్టుకున్నాడు. అతని భార్య అతని మోకాలు పట్టుకుంది. అరవై. దస్తగిరి అంకెకూ అంకెకూ మధ్య ఎక్కువ సేపు తీసుకుంటున్నాడని కమిషనర్ గమనించి, చెట్టు నీడలోకి ఇంకాస్త జరిగాడు. డెబ్బై. సుంకులమ్మ తల ఎత్తలేదు. తల ఎత్తితే అడిగినట్టవుతుంది.

ఎనభై మూడు దగ్గర నాగులవ్వ నోట్లోంచి సంగటి ముద్ద తీసి అరచేతిలో పెట్టుకుంది.

“విన్నాం,” అంది.

“అవ్వా!” మద్దిలేటి తువ్వాలు ఊడిపోయింది. “ఎంత పని చేస్తివే! ఇంగ పదిహేడు అంకెలే కదే!”

“ఏంరా? బిడ్డ పుడతాదంటే గమ్మున కూర్చునే వీధి ఉంటే ఏం, ల్యాకుంటే ఏం?”

గుండ్లమిట్టలో ఒక ఆచారం ఉంది. చావు దండోరాకు ఒక్కరు పలికితే చాలు. పుట్టుక దండోరాకు వీధంతా పలకాలి, గొంతు దాచుకోకుండా. లేకపోతే బిడ్డకు చెవుడు వస్తుందని నమ్మకం. ఒకరు పలికాక మిగతావాళ్లు ఊరుకోవడానికి వీల్లేదు. మద్దిలేటి లేచి నిలబడి ‘విన్నాం’ అని అరిచాడు. నలభై రెండు ఇళ్లూ అరిచాయి. పిల్లలు పంజరం మీది దుప్పటి లాగేశారు. చిలుక కూడా అరిచింది. జూనియర్ కళాశాల మీద మబ్బులు తమదేమోనని ఒక్క అడుగు ముందుకు వచ్చి, కాదని తెలిసి ఆగిపోయాయి.

ఆడపిల్ల. ఒక నిమిషం నలభై సెకన్లకు పుట్టింది. ఇంకో ఇరవై సెకన్లు మిగిలాయి. ఆ ఇరవై సెకన్లలో డాక్టరమ్మ బొడ్డు కోసింది, రేణుక బిడ్డ ముఖం చూసింది, మద్దిలేటి తాను కట్టిన గోడ మీద చేయి పెట్టి తీయకుండా ఉంచాడు.

ఆ తర్వాత వీధి లేదు. ఇళ్లు కూలలేదు, దుమ్ము లేవలేదు. కూలాలంటే అంతకుముందు ఉండాలి. మద్దిలేటి చేయి గాలిలో ఉంది. నాగులవ్వ అరుగు ఉండిన ఎత్తులోనే, నేలకు రెండడుగుల పైన, అరచేతిలో సంగటితో కూర్చుని ఉంది. దిగడానికి మెట్లు లేకపోవడంతో ఇద్దరు పట్టి దించారు. మంచాలు, కుండలు, ట్రంకు పెట్టెలు, రేణుక, ఆమె పక్కన బిడ్డ, అందరూ పల్లేరు మొక్కలు మొలిచిన చదును నేల మీద ఉన్నారు. రోడ్డు కూడా లేదు. దాని దండోరా ఇంకా తయారు కాలేదు.

కమిషనర్ సుంకులమ్మ దగ్గరికి వచ్చి శుభాకాంక్షలు చెప్పాడు. ఒక్కరు పలికితే చెల్లే కాగితానికి వీధి మొత్తం పలకడం పురపాలక చరిత్రలో ఇదే మొదలనీ, ప్రజల ఏకగ్రీవ ఆమోదంగా జిల్లాకు రాస్తున్నాననీ అన్నాడు. ఏ వీధి అని రాయాలో దస్తగిరి అడిగాడు. కమిషనర్ వీధి పేరు వదిలి, ఆమోదం మాత్రం రాయమన్నాడు.

పుట్టిన సర్టిఫికెట్‌లో పుట్టిన చోటు గడి ఖాళీగా ఉంచడానికి వీల్లేదు. దస్తగిరి చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి ‘ప్రయాణంలో’ అని రాశాడు. ఆ మాట పనికొచ్చింది. మిగతా నలభై ఒక్క కుటుంబాల కార్డుల మీద కూడా అదే రాసి ముద్ర వేశారు. సోమవారానికల్లా ఊళ్లో అందరూ వాళ్లను చూసి, ఎక్కడినుంచో వచ్చి దిగినవాళ్లు అనుకున్నారు. కొందరు జాలిపడి పాత బట్టలు తెచ్చి ఇచ్చారు. కొందరు రాత్రిళ్లు తలుపులు గట్టిగా వేసుకోమని ఒకరికొకరు చెప్పుకున్నారు.

మంగళవారం పొద్దున సుంకులమ్మ తప్పెట భుజాన వేసుకుని డ్యూటీకి బయల్దేరింది. ముప్పై ఏళ్లుగా ఆమె ఇంటికి పాలు పోసే బాలహుస్సేని సైకిలు దిగి, క్యాన్లు పట్టుకుని మంచాల మధ్య నిలబడి చూస్తున్నాడు. బిడ్డ ఏడుస్తోంది. అతను ఒక గ్లాసు పాలు ఊరికే పోశాడు.

“యా ఊరమ్మా మీది?” అని అడిగాడు, ఎంతో మర్యాదగా.

సుంకులమ్మ అతని ముఖంలోకి చూసింది. రేణుక బారసాలకు తెల్లవారకముందే ఇరవై లీటర్లు తెచ్చిన మనిషి. మాట నోటిదాకా వచ్చింది. చుట్టూ నలభై ఒక్క కుటుంబాలు తలలెత్తి ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నాయి.

“శానా దూరమన్నా,” అంది.

“అట్లనా. ఎన్నాళ్లు ఉంటారు?”

“మాదేముంది,” అంది సుంకులమ్మ, గ్లాసు కూతురి చేతికి ఇస్తూ. “కాగితం రావాల కదా.”

బాలహుస్సేని తల ఊపాడు. అందులో అతనికి వింతేమీ కనిపించలేదు. సైకిలెక్కి, తర్వాతి వీధికి వెళ్లిపోయాడు.